తొమ్మిది గంటలు తాళం వేసుండే ఇంట్లోకి ఏ కుక్క

మధ్యాహ్నం బ్యాంకులో బాక్సు తెరిచి కూర్చోగానే మా ఆయన ఫోను, హస్కీ పిల్ల ఒకటి ఉందంట, నీలం కళ్ళంట, తెచ్చేసుకుందామా అని. నాకు ముద్ద దిగలా. సైబీరియా మంచులో బండ్లు లాగే జాతి అది, ఒంటి మీద రెండు పొరల బొచ్చు, దాన్ని తెచ్చి 40 డిగ్రీలు దాటే మన నెల్లూరు రోహిణి కార్తెలో పెడితే ఏం గావాల? ఏసీ ఉంది కదా అన్నారు. మనం లేనప్పుడు కరెంటు పోతే ఎవరు చూస్తారండీ అన్నా.

కుక్క కావాలని ఇద్దరికీ ఎప్పట్నుంచో ఉంది. కానీ ఆయన కృష్ణపట్నం బస్సు ఎక్కేది పొద్దున్నే, నేను వేదాయపాళెంలో ఇంటికి తాళం వేసేది తొమ్మిదిన్నరకి, మళ్ళీ తీసేది సాయంత్రం ఆరున్నరకి. ఈ తొమ్మిది గంటలు అది ఎట్టా ఉంటుందో అదే నాకు ముఖ్యం, కళ్ళ రంగు కాదు. అందరూ లాబ్రడార్ అంటారు, మంచిదే, కానీ దానికి మనిషి పక్కన ఉండాల, రోజూ బాగా పరిగెత్తాల, లేకపోతే తలుపులు సోఫాలు కొరుకుద్ది. బీగిల్ చిన్నదే అయినా గుంపుగా కుందేళ్ళని వేటాడిన జాతి, ఒంటరిగా వదిలితే ఊళ పెట్టేస్తది. పగ్ అయితే అసలు వద్దు, కుక్కలు ఒళ్ళు చల్లబరుచుకునేదే రొప్పుతూ, ఆ చప్పిడి ముక్కుతో మన ఎండకి పాపం ఊపిరే ఆడదు.

ఇంకోటి, అసలు పిల్లే వద్దని నా మాట. రెండు నెలల పిల్ల రెండు గంటలకి మించి ఉచ్చ ఆపుకోలేదు, రోజుకి మూడు నాలుగు సార్లు పెట్టాల, మూడు నాలుగు వారాలకోసారి టీకాలు, పదహారు వారాలు దాటి అవి పూర్తయ్యేదాకా కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో అనే వైరస్ జబ్బు భయంతో రోడ్డు మీద దించకూడదు. ఎవరున్నారు మాకు? కావలి నుంచి అత్తమ్మని రమ్మందామంటే ఆమెకి మోకాళ్ళ నొప్పులు.

మా బ్రాంచి ఎదురు టీ అంగడి దగ్గర గోధుమ రంగు ఆడ కుక్క ఒకటి ఉంది. నాటుదే, పొట్టి బొచ్చు, ఈ ఎండల్లోనే పుట్టి పెరిగింది. చెవి కొస కత్తిరించి ఉంది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయిందన్నమాట. బిస్కెట్ ఇస్తే వేళ్ళకి పన్ను తగలకుండా తీసుకుంటది, బండ్ల వెంట పడదు. పెద్ద కుక్కతో ఇదే సుఖం, గుణం ముందే కనపడుద్ది. ఇవాళ టీ అన్నని అడిగితే, "తీసుకుపోండి మేడం, కట్టేయబాకండి" అన్నాడు. ఆ మాట సాయంత్రం దాకా నన్ను వదల్లా. రోడ్డంతా తనదే అనుకుని తిరిగేదాన్ని నాలుగ్గోడల మధ్య పెడితే దానికి మంచి చేసినట్టా?

రాత్రి ఆయనతో చెప్పా. చాలాసేపు ఏం మాట్లాడలా, తర్వాత హస్కీ ఫోటో తీసేసి, శని ఆదివారాలు తెచ్చి చూద్దాం, వెనక దొడ్డి తలుపు తీసి పెడదాం, ఉండబుద్ధి కాకపోతే మళ్ళీ దాని చోట్లోనే దించేద్దాం అన్నారు. ముందు డాక్టర్‌కి చూపించి రేబిస్ టీకా వేయించాల, గోమార్లు కూడా చూడాల. పనమ్మాయిని పొద్దున కాకుండా ఒంటిగంటకి రమ్మని అడగాల, వచ్చి నీళ్ళు మార్చి కాసేపు దాంతో ఉంటే చాలు. కుక్కలంటే తనకి భయం లేదు, జీతం ఎంత పెంచాలో మాత్రం ఇంకా తేల్చుకోలా.