ఎంత దూరమైతే అంత మంచిదంది

మా ఆఫీసు ద్వారా ఓ పాప వేరే రాష్ట్రం దంపతులకి దత్తత వెళ్తోంది. రాత్రి అన్నాల దగ్గర అత్తయ్య దాని మీద మళ్ళీ మొదలుపెట్టింది. "తెలుగు పిల్లని తీసుకెళ్ళి ముక్కూ మొహం తెలియని రాష్ట్రంలో పడేస్తారా? మన దగ్గర పిల్లల్లేనివాళ్ళు లేరా?" పడేయడమట! నిద్ర పట్టక ఇలా కూర్చున్నా.

ఆ దంపతులు కేరింగ్స్‌లో, అంటే దేశమంతటి దత్తతలకీ ఉన్న ప్రభుత్వ వెబ్‌సైట్లో, పేరు నమోదు చేసుకుని, ఇంటి పరిశీలనలన్నీ అయ్యాక కూడా ఏళ్ళ తరబడి వరుసలో ఉన్నారు. పాప వివరాలు పంపాక 48 గంటల్లో చెప్పాలి, చెప్పారు. ఆ వరుస మన జిల్లానా, మన కులమా అని చూడదు. అత్తయ్య అసలు బాధ అదేనని నా అనుమానం. పిన్నయితే ఇంకా నయం, "తెలిసినవాళ్ళ చేతిలో పెట్టేస్తే ఖర్చులైనా ఇచ్చేవాళ్ళు" అంది. డబ్బు తీసుకుని పిల్లనిస్తే అది అమ్మకం పిన్నీ, ఐదేళ్ళ దాకా జైలు. ఇలాంటి సలహాలిచ్చేవాళ్ళే ఆ తల్లిని కసాయిదంటారు. బిడ్డని తుప్పల్లో వదిలేయకుండా బాలల సంక్షేమ కమిటీ ముందుకొచ్చి, అప్పగిస్తున్నానని సంతకం పెట్టిన పిల్లని! ఆమె వెంట రాని మగవాడి ఊసు ఒక్కరూ ఎత్తరు.

పేరూ ఊరూ రాయను. పచ్చి బాలింత, చెవుల్లో దూది. 60 రోజుల్లోగా మనసు మారితే బిడ్డని వెనక్కి తీసుకోవచ్చని మేడమ్ మళ్ళీ మళ్ళీ చెప్పారు. తలూపింది. రవిక తడిసిపోతుంటే చున్నీ ముందుకు లాక్కుంది. అందరం కాగితాలు చూస్తున్నట్టు కూర్చున్నాం. బయటికొచ్చాక, "అక్కా, ఈ జిల్లాలోనే ఇస్తారా?" అనడిగింది. దగ్గరుండాలని ఆశేమో అనుకుని, దేశంలో ఎక్కడికైనా వెళ్ళొచ్చమ్మా అని మెల్లగా చెప్పా.

"ఎంత దూరమైతే అంత మంచిదక్కా. ఇక్కడే ఉంటే బస్సెక్కిన ప్రతి పిల్లలోనూ వెతుక్కుంటా."

ఈ మాటే అత్తయ్యకి చెప్పా. ఆవిడ కాసేపు ఊరుకుని, "అది దిగులు మీద అన్న మాట. నువ్వు దాన్నే పట్టుకున్నావు" అంది. ఒళ్ళు మండింది. కానీ ఇప్పుడు తలుచుకుంటే, ఆ రోజే ఆ ఒప్పుదల పత్రంలో, బిడ్డ పెద్దయి అడిగితే నా వివరాలు చెప్పవచ్చు అన్నచోట టిక్కు పెట్టింది కూడా ఆ పిల్లే. ఎప్పటికీ దూరం కావాలనుకున్న మనిషైతే అలా పెట్టదు. అత్తయ్య అన్నదాంట్లో నిజముంది.

ఇవాళ పాపని అప్పగించాం. కొత్తమ్మ గాజులు పట్టుకుని వదల్లేదు. ఇక కలెక్టర్ ఉత్తర్వు రావాలి (2022 సెప్టెంబరు దాకా కోర్టు చుట్టూ తిరిగేవాళ్ళం, ఆ బాధ తప్పింది). ఇవాళ్టినుంచి రెండేళ్ళపాటు ఆరు నెలలకోసారి రిపోర్టులు. బరువు, టీకాలు, ఫోటోలు, అన్నీ ఫైల్లోకి. కన్నదానికి మాత్రం ఒక్క ముక్క వెళ్ళదు. గోప్యత ఎందుకో నాకు తెలుసు, నేనే నలుగురికీ వివరిస్తుంటాను. అయినా ఇది సరిగ్గా లేదు. క్షేమంగా ఉందన్న ఒక్క మాటకి ఎవరి గుట్టు బయటపడుతుంది?

పెంచుకున్న సంగతి పాపకి చిన్నప్పుడే చెబుతామని వాళ్ళన్నారు. చెప్పకపోతే ఆమె పెట్టిన టిక్కు ఎవరికోసం? మొదటి రిపోర్టు రాసేటప్పుడు ఈ సంగతి గట్టిగా అడగమని అక్కడి జిల్లా వాళ్ళకి ఉత్తరం పెడతా, రూలులో ఉన్నా లేకపోయినా.