ఎక్స్‌రేలో కనిపించని ముల్లు

మాటల్లో పడి చేపముక్క సరిగ్గా చూసుకోకుండా మింగేశాను. గొంతులో కుడివైపు చురుక్కుమంది. దగ్గాను, నీళ్లు తాగాను, పోలేదు. "పెద్ద ముద్ద నమలకుండా మింగెయ్, అదే దిగిపోతుంది" అంది అక్క. రెండుసార్లు మింగాను. నొప్పి ఇంకా ఎక్కువైంది. అలా మింగితే ముల్లు మరింత లోపలికి గుచ్చుకుంటుందని, ఒక్కోసారి ఆహారనాళానికి చిల్లు కూడా పడుతుందని తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే ఆ పని చేసేదాన్ని కాదు.

ఆ రాత్రి నిద్ర లేదు. గుటక వేసినప్పుడల్లా అదే చోట పోటు. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తే ఎక్స్‌రే తీశారు. "ఏమీ లేదు, ముల్లు దిగిపోయింది. గీరుకున్న చోట మంట, అంతే" అని నొప్పి మాత్రలిచ్చి పంపేశారు.

నిజమే, ముల్లు పోయాక కూడా గీత పడిన చోట ముల్లు ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ ఆ నొప్పి పూటపూటకీ తగ్గాలి. నాకు రెండో రోజు కూడా ఇసుమంత తగ్గలేదు. మెడ మీద వేలు పెట్టి 'ఇక్కడే' అని చూపించగలిగేంత కచ్చితంగా ఒకే చోట గుచ్చుతోంది. టెన్షన్‌తో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాను.

ఆవిడ ముందు నాలుక అదిమిపెట్టి, లైటు వేసి టాన్సిల్స్ చూశారు. చాలామందికి అక్కడే ఇరుక్కుంటుందట. నాకు అక్కడ లేదు. తర్వాత మొద్దుబారే మందు కొట్టి, ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ నొప్పి పెద్దగా లేదు. "ఇదిగోండి" అని స్క్రీన్ చూపించారు. నాలుక మొదట్లో ఉండే చిన్న గుంటలో తెల్లటి ముల్లు, అడ్డంగా. నోట్లోంచి ఫోర్సెప్స్ పెట్టి లాగేశారు. అంతా కొన్ని నిమిషాల్లో అయిపోయింది.

మరి ఎక్స్‌రేలో ఎందుకు కనపడలేదని అడిగాను. చేపముళ్లు సన్నగా ఉంటాయి, చాలావాటి నీడ సరిగ్గా పడదు, అందుకే ఎక్స్‌రే బాగుందంటే ముల్లు లేదని కాదు అన్నారు. కెమెరాకీ దొరక్కపోతే సీటీ స్కాన్ తీయించేవారట. ఉమ్మి కూడా మింగలేకపోవడం, ఆయాసం, జ్వరం, ఛాతీనొప్పి, మెడ వాపు, రక్తం పడటం లాంటివి ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలని గట్టిగా చెప్పారు.

రెండు రోజులు కాస్త మంటగా ఉంది. మూడో రోజు మంచినీళ్లు తాగుతుంటే ఆ చోటు తెలియనే లేదు. డాక్టరు చిన్న డబ్బాలో పెట్టిచ్చిన ముల్లు తీసుకెళ్లి అక్కకి చూపించాను. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.