హోలీ ఐలండ్‌కు ఇసుక దారిలో

నేను ఉండేది ఇంగ్లండ్ ఈశాన్యాన న్యూకాసిల్‌లో. మొదటిసారి హోలీ ఐలండ్ అనే దీవికి బయలుదేరినప్పుడు సముద్రపు పోటు వేళలు చూసుకోలేదు. బీల్ ఊరు దాటి ఒడ్డుకు చేరేసరికి ఎదురుగా తారురోడ్డు నీళ్ళలోకి దిగి మాయమైంది. రోజుకు రెండు పోట్లు, రెండుసార్లూ రోడ్డు మునుగుతుంది. చేసేది లేక ఇంటికి తిరిగి వచ్చాను.

రెండోసారి పద్ధతిగా వెళ్ళాను. లిండిస్‌ఫార్న్ అనే పాత పేరున్న ఈ దీవి నార్తంబర్లాండ్ కౌంటీ తీరంలో ఒక చిన్న పారిష్ (మన గ్రామ పంచాయతీ లాంటిది), జనాభా రెండు వందల లోపే. దాటడానికి అనువైన వేళల పట్టికను కౌంటీ కౌన్సిల్ ముందే ప్రకటిస్తుంది. అయితే అది బండ్ల వాళ్ళకు. నేను నడవాలనుకున్నది పిల్‌గ్రిమ్స్ వే, అంటే యాత్రికుల దారి, మీద. ఇసుకలో పాతిన పొడవాటి గుంజల వెంట సుమారు ఐదు కిలోమీటర్ల దారి అది. 1954లో రోడ్డు పడేదాకా దీవికి ఇసుకే దారి. నడిచేవాళ్ళు నీరు తీస్తున్నప్పుడే బయలుదేరాలి, పట్టికలో ఇచ్చిన వ్యవధి సగం గడిచేలోగా అవతలి ఒడ్డెక్కాలి. ఈసారి ఆ లెక్క కాగితం మీద రాసుకుని, తోడుగా ఇద్దరు మిత్రులను పిలుచుకున్నాను.

బూట్లు మెడలో వేసుకుని దిగాం. నీళ్ళు చల్లగా కొరికాయి. మొదట గట్టి ఇసుక, అలలు గీసిన చారలు అరికాళ్ళకు గుచ్చుకున్నాయి. తర్వాత బురద. దమ్ము చేసిన మడిలో నాట్లకు దిగినట్టే, ఒక కాలు తీస్తే రెండోది దిగబడుతుంది. మధ్యలో కొయ్య స్తంభాల మీద చిన్న గది, దానికో నిచ్చెన. పోటులో చిక్కుకున్నవాళ్ళు ఎక్కి ప్రాణాలు దక్కించుకోవడానికి కట్టింది. ఆ నిచ్చెన మెట్లకు పట్టిన పాచి చూశాక వేగం పెంచాం. దూరంగా ఇసుక దిబ్బల మీద సీల్ జంతువుల కూత, ఎవరో రాగం తీసి ఏడుస్తున్నట్టు.

635లో స్కాట్లండ్‌లోని అయోనా దీవి నుంచి వచ్చిన ఐడన్ అనే క్రైస్తవ సన్యాసి ఇక్కడ మఠం స్థాపించాడు. 793లో సముద్రం మీద వచ్చి దోచుకునే వైకింగులు దానిపై పడ్డారు. మఠం శిథిలాల పక్కనే సెయింట్ మేరీస్ చర్చి. లోపల ఆరుగురు సన్యాసులు ఇక్కడి బిషప్ అయిన సెయింట్ కత్‌బర్ట్ శవపేటికను భుజాల మీద మోస్తున్న కొయ్య శిల్పం ఉంది. 875లో మఠం సన్యాసులు ఆ పేటికతోనే దీవి విడిచి వెళ్ళారు. ఆ బురదలో నడిచి వచ్చిన కాళ్ళతో నిలబడి చూస్తే, ఆ భుజాల వంపులో బరువు తెలిసింది.

నాకు మరీ ఇష్టమైనది లిండిస్‌ఫార్న్ సువార్తల చేతిరాత గ్రంథం కథ. ఇప్పుడు ఆ గ్రంథం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీది. ఇక్కడి బిషప్ ఈడ్‌ఫ్రిత్ రాసిన లాటిన్ పంక్తుల మధ్య, పదో శతాబ్దంలో ఆల్‌డ్రెడ్ అనే మతగురువు ఒక్కో మాటకు ఇంగ్లీషు అర్థం చిన్న అక్షరాలతో రాశాడు. మన శతకాలకు ప్రతిపదార్థం రాసినట్టే. సువార్తలకు మిగిలివున్న తొలి ఇంగ్లీషు రూపం అదే.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం. ఉంటేనే దీవి దీవిలా కనిపిస్తుంది. చివరి కార్లు వెళ్ళాక వీధి ఖాళీ అయింది. రేవులో బోర్లించిన పాత పడవలు, వాటికి తలుపులు. జాలర్లు సామాను దాచుకునే కొట్లు అవి. గది కిటికీ తెరిస్తే మళ్ళీ సీళ్ళ కూత వినిపించింది, ఈసారి చాలా దగ్గరగా.