ఖమ్మం మిర్చి చేల నుంచి ఎల్బె ఒడ్డుకి

మా ఇంట్లో జర్మనీ మాట మొదట ఎత్తింది నాన్నే. ఖమ్మం మిర్చి యార్డులో జెండా పాట (వేలం) కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు, పక్క రైతు కొడుకు జర్మనీలో చదువుతున్నాడనీ, అక్కడి సర్కారు యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదనీ విని వచ్చాడు. ఆ రాత్రి అన్నం తింటూ, “అమెరికా అయితే నలభై లక్షలంటున్నారు. ఈ జర్మనీ సంగతేందో కనుక్కో తల్లీ” అన్నాడు. నాన్న విన్నది చాలావరకు నిజమే. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మనలాంటి బయటి దేశాల వాళ్ళ దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటున్నారు. మిగతా రాష్ట్రాల్లో చాలా యూనివర్సిటీలకి సెమిస్టర్ చందా కడితే సరిపోతుంది.

ఫీజు కట్టక్కర్లేదు గానీ డబ్బు చూపించాలి. బ్లాక్డ్ అకౌంట్ అని ఒకటుంటుంది. అందులో ముందే 11,904 యూరోలు వెయ్యాలి, అంటే దాదాపు 12 లక్షల రూపాయలు. అక్కడికి వెళ్ళాక నెలకు 992 చొప్పున మన డబ్బే మనకిస్తారు. దానికి ముందు ఏపీఎస్ సర్టిఫికెట్. మన డిగ్రీ కాగితాలు అసలైనవో కాదో చూసి ఇచ్చే పత్రం అది. 2022 నవంబర్ నుంచి అది లేకుండా స్టూడెంట్ వీసా లేదు, దాని రుసుము 18,000 రూపాయలు. ఎల్బె నది ఒడ్డున ఉన్న మాగ్డెబుర్గ్‌లోని ఓటో ఫాన్ గేరికే యూనివర్సిటీలో కంప్యూటర్స్‌లో మాస్టర్స్‌కి సీటొచ్చింది. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి లోను తీసుకున్నాం. 2021-22లో నల్ల తామర పురుగు పడి మిర్చి చేలు పూత మీదే ఎండిపోయినప్పుడు చేసిన అప్పు అప్పటికింకా పూర్తిగా తీరలేదు. ఆ అప్పు మీద ఈ అప్పు. సంతకం పెట్టేటప్పుడు నాన్న చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఆగింది నా ఊపిరే.

అమ్మ భయం వేరు. 2024 డిసెంబర్ 20న మాగ్డెబుర్గ్ క్రిస్మస్ సంతలోకి ఒకడు కారుతో దూసుకొచ్చి జనాన్ని తొక్కించాడు. గాయపడిన వందల మందిలో ఏడుగురు భారతీయులు కూడా ఉన్నారు. ఆ వార్త అమ్మ టీవీలో చూసింది, ఊరి పేరు కూడా గుర్తుపెట్టుకుంది. అదే ఊళ్ళో సీటు అనేసరికి రెండు రోజులు మాట్లాడలేదు. బంధువులు “ఆడపిల్లని అంత దూరమా” అన్నప్పుడు మాత్రం ఆమెకి కోపమొచ్చింది. “మగపిల్లాడైతే దగ్గరవుతదా?” అని అడిగింది. అంతే, ఆ తర్వాత మా ఇంట్లో ఆ చర్చ లేదు.

దసరా అయిన వారానికి ప్రయాణం. సూట్‌కేసులు రెండు, ఒక్కోదానికి 23 కిలోల లెక్క. ధాన్యం తూచే కాటా మీద పెట్టి తూచాం. అమ్మ కాచి పోసిన నెయ్యి సీసా తీసెయ్యాల్సి వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్ళకూడదు. అరిసెలు నూనెతో చేసింది. గోంగూర, ఆవకాయ వాక్యూమ్ ప్యాకింగ్. కుక్కర్ లోపల కందిపప్పు, దాని చుట్టూ చీరలు. ఎండుమిర్చి మాత్రం నాన్న స్వయంగా ఏరాడు, మా చేలో పండిన తేజ రకం. ఒక్క తాలుకాయ కూడా లేకుండా, తొడిమలు తీసి, అరకిలో.

వీసా వస్తే 108 ప్రదక్షిణలు చేయిస్తానని అమ్మ చిలుకూరు బాలాజీకి మొక్కుకుంది. వీసా రాకముందు 11, వచ్చాక 108, అక్కడి పద్ధతి అది. పొద్దున్నే ఖమ్మంలో బయల్దేరి, సూర్యాపేట మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి, మధ్యాహ్నానికి గుడికి చేరాం. హుండీ లేని గుడి. చేతికో కార్డు, దాని మీద 108 గళ్ళు, చుట్టు తిరిగినప్పుడల్లా పెన్నుతో ఒక గడి కొట్టెయ్యాలి. నాతోపాటు తిరిగేవాళ్ళలో సగం మంది నా వయసు వాళ్ళే. టెక్సస్ అని ఒకరు, మెల్‌బోర్న్ అని ఒకరు, నడుస్తూనే చెప్పుకున్నాం. అరవై దాటాక అమ్మ మోకాలు పట్టేసింది. “నువ్వు కూర్చో, మొక్కు నాది గదా” అన్నాను. “మొక్కుకుంది నేను” అని నాతోపాటే పూర్తి చేసింది. అరచేతి చెమటకి కార్డు మెత్తబడి, చివరి వరస గళ్ళలో సిరా అంతా అలుక్కుపోయింది.

శంషాబాద్‌లో రాత్రి పదిన్నరకి డిపార్చర్స్ ముందు నిలబడితే, జిల్లాకో బృందం కనిపించింది. మధ్యలో కొత్త జాకెట్ వేసుకున్న పిల్లో పిల్లాడో, చుట్టూ ఇరవై మంది. మేము నలుగురమే. గేటు దగ్గర టికెట్టు, పాస్‌పోర్టు చూపించేది నేనొక్కదాన్నే, వాళ్ళు అక్కడే ఆగిపోవాలి. నాన్న జేబులోంచి కవరు తీసి నా బ్యాగు లోపలి అరలో పెట్టి జిప్పు వేశాడు. “లోను సంగతి ఆలోచించకు. పంట చేతికొస్తది. తిండి మాత్రం తగ్గించకు” అన్నాడు. అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని తన చెంపలకి ఆనించుకుంది. ఆ చేతుల గురించి చెప్పాలి. కాయ కోతకి కూలీలతోపాటు అమ్మ కూడా చేలోకి దిగుతుంది. జనవరి నుంచి వేసవి దాకా ఆమె వేళ్ళకి మంట తగ్గదు, రాత్రి పూట మజ్జిగలో ముంచుకుని కూర్చుంటుంది. నన్ను ఒక్క సీజన్ కూడా కోతకి దించలేదు. “నీ చేతులు పెన్ను పట్టేవి” అనేది.

విమానంలో నేను నిద్రపోయాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగేసరికి ఉదయం, మనకంటే గడియారం మూడున్నర గంటలు వెనక. ఇమిగ్రేషన్‌లో అడ్మిషన్ లెటర్ అడిగారు, ముద్ర వేశారు. అంత టెన్షన్ పడ్డదానికి రెండు నిమిషాల్లో అయిపోయింది.

ప్రయాణంలో బరువంతా తెలిసింది రైలు దగ్గరే. రెండు పెద్ద సూట్‌కేసులు, వీపున ల్యాప్‌టాప్ బ్యాగు, మెయిన్ స్టేషన్‌లో ఒకసారి, బ్రౌన్‌ష్వైగ్‌లో ఒకసారి మారాలి. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోయింది. బ్రౌన్‌ష్వైగ్ ప్లాట్‌ఫారం మీద చలిగాలిలో కూర్చుని అరిసె తిన్నాను. నా ఎదురుగా కూర్చున్న పెద్దావిడ చాలాసేపు చూసి ఏదో అడిగింది. మొదటి మెట్టు దాటని నా ఏ1 జర్మన్‌కి అందలేదు. ఒకటి చేతిలో పెట్టాను. తిని, నువ్వుల్ని చూపించి తలూపింది. రైలొచ్చినప్పుడు నేను అడగకుండానే ఒక సూట్‌కేసు పిడి తను పట్టుకుంది.

హెల్మ్‌స్టెట్ దాటాక మరియన్‌బోర్న్ వస్తుంది. తూర్పు, పశ్చిమ జర్మనీలు విడిగా ఉన్న కాలంలో అక్కడ సరిహద్దు తనిఖీ కేంద్రం ఉండేది. అక్కడి నుంచి భూమి చదునై, కిటికీ నిండా దున్నిన పొలాలు. మట్టి నల్లగా ఉంది. అచ్చం మా చేను తడిసినప్పుడు ఉండే నలుపు. పొలం గట్టున ఇంటెత్తున ఏవో దుంపల కుప్పలు, దూరంగా గాలిమరలు. నాకు మొదటిసారి ఏడుపొచ్చింది అక్కడే. ఎయిర్‌పోర్ట్‌లో రాలేదు, విమానంలో రాలేదు. ఫోటో తీసి నాన్నకి పంపాను. నిమిషంలో ఫోను. “నల్లరేగడేనా అది? ఆ దుంపలేంది?” ఎలా చేరావు, ఏం తిన్నావు అన్నీ ఆ తర్వాతే.

మాగ్డెబుర్గ్ స్టేషన్‌కి సీనియర్లు ఇద్దరు వచ్చారు, ఒకమ్మాయిది నల్గొండ, ఒకబ్బాయిది ఒంగోలు. మునుపు ఎన్నడూ చూడని మనుషులు నా సూట్‌కేసులు లాక్కుంటూ వెళ్ళి, వేడి వేడి పప్పన్నం పెట్టారు. మరుసటి వారం నేనూ స్టేషన్‌కి వెళ్ళాను, ఇంకొకరిని తీసుకురావడానికి. ఇక్కడ మన పిల్లల బతుకు ఆ ఆనవాయితీ మీదే నడుస్తోంది. ఇంట్లో దిగాక రెండు వారాల్లో టౌన్ ఆఫీసులో చిరునామా నమోదు చేసుకోవాలి. బ్యాంకు, ఇన్సూరెన్సు, ఫోను అన్నిటికీ ఆ కాగితమే మూలం. ఆరోగ్య బీమాకే నెలకు 140 యూరోలు దాటుతుంది. ఆదివారం దుకాణాలు మూసేస్తారు కాబట్టి శనివారమే బియ్యం, కూరగాయలు. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు దుకాణంలో మెషీన్‌కి తిరిగిస్తే ఒక్కోదానికి 25 సెంట్లు వస్తాయి, అందుకే ఎవరి గదిలో చూసినా సీసాల సంచి.

యూనివర్సిటీకి పేరిచ్చిన గేరికే ఒకప్పుడు ఈ ఊరి మేయర్. రెండు రాగి అర్ధగోళాలు కలిపి లోపలి గాలి తోడేస్తే, రెండు వైపులా గుర్రాలు కట్టి లాగినా విడిపోలేదని బడిలో సైన్సు మాస్టారు చెప్పిన కథ ఈయనదే. పదహారు గుర్రాలతో 1657లో ఇక్కడ చేసి చూపించాడు. క్లాసుకి వెళ్తూ ఆ పేరు చదివినప్పుడల్లా మా మాస్టారు బల్ల మీద రెండు గిన్నెలు బోర్లించి చూపించడం గుర్తొస్తుంది.

పని గురించి చాలామంది అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్తాను. విద్యార్థి వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులు గానీ 280 సగం రోజులు గానీ పని చెయ్యొచ్చు. చదివిన చదువుకి తగిన పని వెంటనే దొరకదు, జర్మన్ రావాలి. నాకు దొరికింది ఊరి బయట పార్శిల్ గోదాములో, సాయంత్రం షిఫ్ట్. అప్పటి కనీస వేతనం గంటకు 12.82 యూరోలు, 2026 జనవరి నుంచి 13.90 అయింది. ముందు ఇనుప ముక్కున్న బూట్లు ఇచ్చారు. బెల్టు మీద పెట్టెలు వస్తూనే ఉంటాయి, చిరునామా పైకి కనిపించేలా తిప్పి, సరైన బండిలో పేర్చాలి. పెట్టె 31 కిలోల దాకా ఉండొచ్చు. నా పక్కన సిరియా ఆవిడ, ఆమె పక్కన ఉక్రెయిన్ అబ్బాయి. ఆవిడే నేర్పింది, నడుం వంచకుండా మోకాళ్ళు మడిచి ఎత్తాలని.

మొదటి షిఫ్ట్ అయ్యాక ట్రామ్‌లో నా చేతులు చూసుకున్నాను. అట్ట అంచులకి వేళ్ళు గీసుకుపోయి మండుతున్నాయి. అమ్మకి ఫోన్ చేసి చెప్పాలా వద్దా అని ఆగి, చెప్పాను. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “గ్లౌజులు కొనుక్కో. రాత్రికి కొబ్బరినూనె రాసుకుని పడుకో. మొదటి పది రోజులే, తర్వాత చెయ్యి గట్టిపడతది” అంది. ఇరవై ఏళ్ళు కోత కోసిన మనిషి మాట అది. అమ్మ నాతో పని గురించి తోటి మనిషిలా మాట్లాడటం అదే మొదలు. ఇప్పుడు రోజూ అడుగుతుంది, ఈరోజు బరువులు ఎక్కువా, మేస్త్రీ మంచివాడేనా, కూర్చోనిస్తారా అని.

క్రిస్మస్ సంత మళ్ళీ పెట్టారు. అమ్మకి చెప్పే వెళ్ళాను, వీడియో కాల్‌లో మొత్తం చూపించాను. ఈ ఊరు కూడా ఆ భయాన్ని పక్కన పెట్టి బయటికి రావాలని చూస్తోందనిపించింది. నాలుగింటికే చీకటి పడే ఆ నెలలో జనంతో, వెలుగుతో ఉన్న చోటు అదొక్కటే.

నాన్నకి మాత్రం ఆ రైలు కిటికీ ఫోటోలోని మట్టి మనసులోంచి పోలేదు. కనుక్కుని చెప్పాను. ఈ ప్రాంతాన్ని మాగ్డెబుర్గ్ బ్యోర్డె అంటారు, దేశంలోకెల్లా సారవంతమైన భూముల్లో ఒకటి. దీని దక్షిణాన ఐకెన్‌డోర్ఫ్ అనే పల్లె ఉంది. 1934లో జర్మనీ తన పొలాలన్నిటికీ మార్కులు వేయడం మొదలుపెట్టినప్పుడు, ఆ పల్లె మట్టికి నూటికి నూరు ఇచ్చి, మిగతా వాటిని దాంతో పోల్చి కొలిచారు. ఆ కుప్పలు చక్కెర దుంపలు. పరీక్షలు అయ్యాక మార్చిలో నల్గొండ అక్కతో కలిసి ఆ పల్లెకి వెళ్తున్నాం.

“ఎకరానికి ఎంత పండుతది?” అని అడిగాడు నాన్న. హెక్టార్ల లెక్కని ఎకరాల్లోకి మార్చి, దగ్గర దగ్గర 30 టన్నులు అన్నాను.

“ముప్పై టన్నులా? సరిగ్గా చూడు తల్లీ.”

మళ్ళీ చూశాను, అంతే ఉంది. అయితే అక్కడి రైతుకి టన్నుకి ఎంత గిడుతుందో, కూలీలు దొరుకుతారో లేదో, పల్లెకి వెళ్ళినప్పుడు అడిగి రమ్మన్నాడు. ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపాడు. వాటిని జర్మన్‌లోకి మార్చుకుంటున్నాను.