ఉప్పాడ ఒడ్డున తాబేళ్లు

జనవరి వచ్చిందంటే మా ఉప్పాడ వైపు ఆలివ్ రిడ్లే తాబేళ్లు చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. కళ్లు బయటికి పొడుచుకొచ్చి, మెడ ఉబ్బిపోయి, చుట్టూ కాకులు. రోగమేమీ కాదండీ. తాబేలు ఊపిరి కోసం నీళ్లపైకి రావాలి కదా, బోట్లు నీళ్లలో ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో చిక్కితే లోపలే ఉండిపోయి ఊపిరాడక చస్తుంది. వలకు టెడ్ అనే చట్రం బిగిస్తే దాని సందులోంచి తాబేలు తప్పించుకుంటుంది గానీ, ఆ సందులోంచి కొన్ని చేపలూ పోతాయని బోటు వాళ్ల బాధ. డీజిల్ రేట్లు చూస్తే వాళ్లనీ పూర్తిగా తిట్టలేం. వేట నిషేధమేమో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అప్పటికి గుడ్లు పెట్టే సీజన్ దాదాపు అయిపోతుంది!

అసలు గుడ్లు పెట్టడానికి ఇసుక ఏది? కాకినాడ బీచ్ రోడ్డును కాపాడాలని రాళ్లు పోశారు, జియోట్యూబ్ (ఇసుక నింపిన పెద్ద గొట్టం లాంటి సంచి) వేశారు, అయినా తుఫాను వచ్చిన ప్రతిసారీ రోడ్డు కోసుకుపోతూనే ఉంది, 2025 అక్టోబర్‌లో మొంథా వచ్చినప్పుడూ అదే టెన్షన్. ఆ రాళ్ల మీద తాబేలు గుడ్లు పెట్టలేదు, మనవాళ్లు తెప్ప లాగలేరు. టెడ్ పెట్టిన బోట్లకు డీజిల్ సబ్సిడీ కాస్త పెంచితే చాలామంది ఒప్పుకుంటారని నా అంచనా.