ఒకే చెంబు, మూడు బొమ్మలు

రోజుకొక బొమ్మ వేస్తామని మొదలుపెట్టినవాళ్లు చాలామంది వారం తిరక్కుండానే మానేస్తారు. అందుకు బద్ధకం కన్నా "ఈరోజు ఏం వేయాలి?" అన్న ప్రశ్నే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. ఇంటర్ చదివే రోజుల్లో ఒకే హాస్టల్లో ఉన్న మేము ముగ్గురం ఆ ప్రశ్నను ఒక చిన్న ఏర్పాటుతో తప్పించుకున్నాం. నేను రాజమండ్రిలో ఉంటాను. ఒకామె హైదరాబాదులో లెక్కల టీచరు, మరొకామె కువైట్‌లో నర్సు. ఆదివారం రాత్రి మాలో ఒకరు వారానికి సరిపడా వస్తువుల పేర్లు వాట్సాప్‌లో పెడతారు: చెంబు, తాళాల గుత్తి, వెల్లుల్లిపాయ, ఇస్త్రీపెట్టె, గుమ్మం ముందు విడిచిన చెప్పులు. ముగ్గురి ఇళ్లలోనూ ఉండే వస్తువే కావాలి, దాన్ని ఎదురుగా పెట్టుకునే వేయాలి. కువైట్ సమయం మనకన్నా రెండున్నర గంటలు వెనక, పైగా ఆమెకు నైట్ డ్యూటీలు, అందుచేత ఫలానా వేళకల్లా పంపాలన్న నియమం పెట్టుకోలేదు. ఎవరు ఎప్పుడు నిద్రపోతే అప్పటికి వాళ్ల రోజు ముగిసినట్టు.

ఫొటో చూసి వేయకూడదన్నది మాత్రం గట్టి నియమం. ఫొటోలో వస్తువు అప్పటికే చదునైపోయి ఉంటుంది, ఎక్కడ నిలబడి చూడాలో, ఎంత మేర చూడాలో కెమెరా ముందే తేల్చేసి ఉంటుంది, ఇక మనకు మిగిలేది ఆ గీతలను కాగితం మీదికి దించుకోవడమే. తెలుగువాళ్లలో బొమ్మల పిచ్చి ఉన్నవాళ్లెవరైనా ఒకప్పుడు బాపు బొమ్మలను చూసి దించినవాళ్లే, మేమూ అంతే. ఆయన ఒక్క గీతతో వాలుజడ వేశాడంటే దాని వెనక ఎన్ని జడలను చూసి ఉంటాడో దించేవాడికి తెలిసే అవకాశం లేదు.

స్టీలు చెంబు వేసిన రోజు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ముగ్గురివీ ఇంచుమించు ఒకే ఆకారం చెంబులు, బొమ్మలు మాత్రం మూడు రకాలుగా వచ్చాయి. హైదరాబాదు బొమ్మలో మూతి చక్కని కోడిగుడ్డు ఆకారంలో ఉంది, అడుగు మాత్రం స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. కువైట్ నుంచి వెంటనే ప్రశ్న వచ్చింది: "ఏమే, అడుగు నీకు తిన్నగా కనిపించిందా, లేక బల్ల మీద కదలకుండా కూర్చుంది కాబట్టి తిన్నగానే ఉంటుందనుకున్నావా?" లెక్కల మనిషి కాబట్టి ఆమె పౌరుషంగా చెంబును మళ్లీ ముందు పెట్టుకుని చూసి, అడుగు తిన్నగా ఉండకపోవడమే కాదు, మూతి కన్నా ఎక్కువ వంపు తిరిగి ఉందని ఒప్పుకుంది. కారణం కూడా తనే చెప్పింది. కంటి మట్టానికి సరిగ్గా ఎదురుగా ఉన్న వృత్తం గీతలా కనిపిస్తుంది; అదే వృత్తం కంటి మట్టం నుంచి కిందికి దిగేకొద్దీ వెడల్పుగా విచ్చుకుంటుంది; మూతి కన్నా అడుగు కిందికి ఉంది కనుక దాని వంపే ఎక్కువ. కువైట్ బొమ్మలో ఆ వంపు సరిగ్గానే ఉంది గానీ, చెంబంతా ఒకే బూడిదరంగులో ఉండి మట్టిముంతలా కనిపించింది. స్టీలు మెరుపు పెన్సిల్‌తో రావాలంటే బాగా నల్లగా ఉన్న చోటు పక్కనే ఏమాత్రం నీడ వేయని తెల్లకాగితం ఉండాలి; రెంటికీ మధ్య మెల్లగా పలచబడే నీడ వేస్తే అది మట్టిదో పింగాణీదో అవుతుంది. ఆ ఒక్క చెంబు మీద చర్చ ఆ రాత్రి చాలాసేపు నడిచింది. విడివిడిగా మూడు వేర్వేరు వస్తువులు వేసి ఉంటే ఇందులో ఒక్క మాటా వచ్చేది కాదు, బాగుందంటూ ఒకరికొకరం వాట్సాప్ బొటనవేలి గుర్తు పంపి పడుకునేవాళ్లం.

ఆ బొటనవేలి గుర్తును, "సూపర్" అన్న మాటను అందుకే నిషేధించాం. బొమ్మ చూసినవాళ్లు కనీసం ఒక ప్రశ్న అడగాలి, లేదా మౌనంగా ఉండాలి. ఇది కఠినంగా అనిపించవచ్చు గానీ, మెచ్చుకోలుతో సరిపెట్టే స్నేహం బొమ్మల విషయంలో ఎందుకూ పనికిరాదు.

సామగ్రి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. హెచ్‌బి, 2బి, 6బి పెన్సిళ్లు (బి ముందు అంకె పెరిగేకొద్దీ ములుకు మెత్తగా, గీత నల్లగా ఉంటుంది), జిరాక్స్ షాపులో దొరికే ఏ4 కాగితాలు చాలు. పెన్సిల్‌ను షార్ప్‌నర్‌తో కాక బ్లేడుతో చెక్కి ములుకును కాస్త పొడవుగా వదిలితే పడుకోబెట్టి నీడలు వేసుకోవచ్చు. ఖరీదైన స్కెచ్‌బుక్ కొన్నవాళ్లు దాన్ని పాడుచేయడానికి భయపడి వేయడమే తగ్గిస్తారు.

ఒక రోజు తప్పిపోతే ఏమిటన్న ప్రశ్న మొదట్లో వచ్చింది. 21 రోజులు చేస్తే అలవాటవుతుందని అందరూ అంటారు గానీ, యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ గడువు మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉండవచ్చు, మధ్యస్థంగా 66 రోజులు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా అందులో తేలింది. దీన్ని ఆధారం చేసుకుని మేము జరిమానాలు పెట్టుకోలేదు, మర్నాడు రెండు బొమ్మలు వేసి బాకీ తీర్చే పద్ధతీ పెట్టుకోలేదు. బాకీ బొమ్మలో చూపు ఉండదు, తొందర ఉంటుంది.

స్నేహితులు కలిసి బొమ్మలు నేర్చుకోవడం మా ఊరికి కొత్త కాదు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే చుట్టూ చేరిన కుర్రవాళ్లలో, తర్వాత చిత్రకారులుగా పేరు పొందిన దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఉన్నారు. రామారావు బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివి వచ్చి, మశూచి సోకి 1925లో 28 ఏళ్లయినా నిండకుండానే పోయారు. ఆయన చిత్రాలు ఇప్పటికీ మన కళ్లముందు ఉన్నాయంటే వరద వెంకటరత్నం వంటి మిత్రుల పూనిక కూడా అందుకు కారణం. ఇక్కడి రామారావు స్మారక ఆర్ట్ గ్యాలరీకి వెళ్లినవాళ్లు పెద్ద వర్ణచిత్రాల దగ్గరే ఆగిపోతారు. నేర్చుకుంటున్నవాళ్లకు నా సలహా ఏమిటంటే, ఆయన స్కెచ్‌ల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. చెయ్యి ఎక్కడ వేగంగా వెళ్లిందో, ఎక్కడ నెమ్మదించిందో వాటిలో కనిపిస్తుంది.

దసరా సెలవులకు ఇద్దరూ వస్తున్నారు. గ్యాలరీ చూశాక గోదావరి గట్టున కూర్చుని 1997లో పూర్తయిన ఆర్చి వంతెన వేయాలని అనుకుంటున్నాం. దానికి 28 ఆర్చీలు, ఒక్కొక్కటీ సుమారు 97 మీటర్లు. అన్నీ సమానమే కాబట్టి దూరం పోయేకొద్దీ వెడల్పు, ఎత్తు ఎంతెంత తగ్గిపోతాయో పట్టుకోవడానికి అంతకన్నా మంచి పాఠం ఊళ్లో మరొకటి లేదు. పెన్సిల్‌తోనా పెన్నుతోనా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. పెన్నయితే రబ్బరు ఉండదు కాబట్టి గీసేముందు చూస్తామని హైదరాబాదు వాదన. 28 ఆర్చీల్లో మూడోది వంకర పోతే మిగిలిన 25 ఎవరు గీస్తారని కువైట్ వాదన. నేను పెన్ను వైపే ఉన్నాను, కాకపోతే మొదటి ఐదు ఆర్చీలతో ఆపేద్దామంటున్నాను.