జవాబు రాని ప్రార్థన గురించి సాక్ష్యం చెప్పడం: నా అనుభవం

సంఘంలో సాక్ష్యం, అంటే నా జీవితంలో దేవుడు చేసినదాని గురించి నా మాటల్లో, చెప్పమని పాస్టరు గారు అడిగినప్పుడు, చెప్పుకోదగినది నా జీవితంలో ఏముందన్న సందేహమే నాకు ముందుగా కలిగింది. నేను విశ్వాసుల ఇంట్లో పుట్టి, సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పడుతూ పెరిగి, యౌవనంలో బాప్తిస్మం తీసుకున్నాను. వ్యసనాల నుండి విడుదల పొందినవారి సాక్ష్యాలూ, వైద్యులు ఆశ వదులుకున్నాక స్వస్థత పొందినవారి సాక్ష్యాలూ ఎన్నో విన్న నాకు, నా కథలో అలాంటి మలుపేదీ కనిపించలేదు. అయితే బైబిలులో అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండవ పత్రికలో, తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలోనూ తల్లి యునీకేలోనూ ఉండేదని గుర్తు చేస్తాడు. ఇంటివారి నుండి అందిన విశ్వాసం కూడా చెప్పదగినదేనన్న ధైర్యం నాకు అక్కడ దొరికింది.

అగ్రిప్ప రాజు ఎదుట పౌలు చెప్పిన మాటలు అపొస్తలుల కార్యముల 26వ అధ్యాయంలో ఉన్నాయి. యేసును నమ్మకముందు తాను ఎలా బ్రతికాడో, దమస్కు మార్గంలో యేసు తనకు ప్రత్యక్షమైన రోజున ఏం జరిగిందో, ఆ తరువాత ఏం చేస్తూ వచ్చాడో వరుసగా చెబుతాడు. నేనూ అదే వరుసలో రాయడం మొదలుపెట్టాను, కానీ మధ్య భాగం దగ్గర కలం ఆగిపోయింది. నా జీవితంలో అలాంటి ఒక్క రోజంటూ లేదు. ఉన్నది నాన్నగారి జబ్బు. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించినా ఆయన కోలుకోలేదు. ఆయన పోయాక నేను ఆరాధనకు వెళుతూనే ఉన్నాను గానీ, ఒంటరిగా ప్రార్థించడం చాలాకాలం నా వల్ల కాలేదు. ఆ స్థితిలో 13వ కీర్తన చదివాను. నన్ను ఎన్నాళ్లు మరచిపోతావని దావీదు దేవుణ్ణే నిలదీస్తాడు. ఆరు వచనాల ఆ చిన్న కీర్తన స్తుతితో ముగుస్తుంది, కానీ ఈలోగా అతని కష్టం తీరిందని ఎక్కడా చెప్పదు. నా ఫిర్యాదును దేవుడికే చెప్పుకోవచ్చునని తెలిసిన ఆ కాలంలోనే, అమ్మానాన్నల విశ్వాసం నాదైంది. నా సాక్ష్యానికి మధ్య భాగం అదే.

ఈ కథ నా ఒక్కరిది కాదు గనుక, రాసినది ముందుగా అమ్మకు చదివి వినిపించాను. ఆసుపత్రిలో గడిచిన చివరి రోజుల గురించి నలుగురిలో చెప్పవద్దని ఆమె కోరింది, ఆ భాగాన్ని పూర్తిగా తీసేశాను. సాక్ష్యం చెప్పేవారు ఇంటివారి అనుమతి తీసుకోవడం తప్పనిసరి అని నేను నమ్ముతాను. రాతప్రతి చూసిన ఒక పెద్దాయన, నాన్నగారి మరణం ద్వారా దేవుడు ఫలానా మేలు చేశాడని చివర్లో చేర్చితే బాగుంటుందని ప్రేమతోనే సలహా ఇచ్చారు. కానీ ఆ మరణానికి కారణమేమిటో నాకు తెలియదు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో యేసు వల్ల చూపు పొందిన మనిషిని యూదుల మతపెద్దలైన పరిసయ్యులు గుచ్చి గుచ్చి అడిగినప్పుడు, తనకు తెలియనిది తెలియదని ఒప్పుకొని, ఒకప్పుడు గ్రుడ్డివాడినైన తాను ఇప్పుడు చూస్తున్నానన్న ఒక్క సంగతి మీదనే అతడు నిలబడతాడు. నేనూ అంతవరకే చెప్పాలని నిశ్చయించుకున్నాను.

సంఘంలో చెప్పడం అనుకున్నంత కష్టం కాలేదు, ఎందుకంటే విన్నవారిలో చాలామంది నాన్నగారి కోసం ప్రార్థించినవారే. క్రైస్తవుడు కాని నా సహోద్యోగి, అంత దుఃఖంలోనూ నీకు నిబ్బరం ఎలా వచ్చిందని అడిగినప్పుడు మాత్రం చాలా ఆలోచించవలసి వచ్చింది. రక్షణ, మారుమనస్సు, అభిషేకం వంటి మాటలు మాకు ఎంత అలవాటో అతనికి అంత కొత్త. అందువల్ల దేవుడి మీద నాకు కోపం వచ్చిందనీ, ఆ కోపాన్ని ఆయనతోనే చెప్పుకున్నాననీ, ఆయన నన్ను విడిచిపెట్టలేదనీ మామూలు మాటల్లోనే చెప్పాను. "మీ నాన్నగారిని బాగుచేయని దేవుణ్ణి ఎలా నమ్ముతున్నావు?" అని అతను సూటిగా అడిగాడు. సిలువకు ముందు గెత్సేమనే అనే చోట యేసు కూడా ఆ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తన యొద్దనుండి తొలగిపోవాలని ప్రార్థించాడనీ, అది తొలగలేదనీ, ఆ బాధను తానే అనుభవించిన దేవుణ్ణి నేను నమ్ముతున్నాననీ జవాబిచ్చాను. తాను దాన్ని అంగీకరించలేనని అతను చెప్పాడు. నేను వాదించలేదు. మనలో ఉన్న నిరీక్షణకు, అంటే ఆశకు, కారణం అడిగినవారికి సాత్వికంతో జవాబు చెప్పమన్నాడే గానీ, వారిని ఒప్పించి తీరమని అపొస్తలుడైన పేతురు రాయలేదు. అగ్రిప్ప ఎదుట పౌలు చెప్పిన ఆ మాటలు విని, అక్కడే ఉన్న రోమా అధిపతి ఫేస్తు అతనికి వెర్రి పట్టిందన్నాడు. అయినా పౌలు ఫేస్తుతో మర్యాదగానే మాట్లాడాడు.

కొంతకాలానికి నా సహోద్యోగే ఆ 13వ కీర్తన చూపించమని అడిగాడు. ఇద్దరం కలిసి చదివాం. చివరి రెండు వచనాల్లో దావీదు స్వరం ఎందుకు మారిందని అడిగాడు. కీర్తన ఆ కారణం చెప్పదని, నా విషయంలోనైతే ఆ మార్పు రావడానికి చాలాకాలం పట్టిందని చెప్పాను.